ఏది కొనాలి: సిగరెట్ కార్డా, పాటల పుస్తకమా, ఫోటో కార్డా?

మొన్న దసరా నాడు మా మేనల్లుడు జమ్మి ఆకు చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కి, లేస్తూ లేస్తూనే ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. "మామా, ఇది తీసుకోవాల్నా వద్దా? జెర చూసి చెప్పు." తెర మీద అగ్గిపెట్టెంత కార్డు. కిరీటం పెట్టుకున్న ఎన్టీఆర్. కింద '1950ల నాటి ట్రేడింగ్ కార్డు, చాలా అరుదు' అని రాసి ఉంది. ట్రేడింగ్ కార్డంటే పోగేసుకుని, మార్చుకునే బొమ్మ కార్డు. ధర 2,500 రూపాయలు. మూలలు గోధుమ రంగుకు తిరిగాయి, నడిమధ్యన ఒక మడత గీత.

"వీపు ఫోటో ఉందా?" అన్నాను.

"వీపు ఏంది మామా?"

కార్డు వెనక వైపు. అమ్మేవాడు పెట్టలేదు. అడిగితే పంపాడు: తెల్లగా, ఒక్క అక్షరం లేకుండా ఉంది. వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పేసరికి పొద్దు గూకింది. హన్మకొండలో ఉంటూ ఇరవై ఏళ్లుగా ఇలాంటి కాగితాలు పోగేస్తున్నాను, మొదట్లో నేనూ మునిగినవాణ్నే. ఆ రోజు వాడికి చెప్పిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను. పాత సినిమా తారల కాగితాల్లో మన చేతికి అందేవి ముఖ్యంగా మూడు రకాలు: విదేశీ సిగరెట్ కార్డులు, మన పాటల పుస్తకాలు, ఫోటో కార్డులు. వరంగల్‌లో కూర్చుని కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పాటల పుస్తకమే మేలని నా అభిప్రాయం. దాని మీద ఉన్న సాక్ష్యాన్ని మనం మన భాషలోనే చదువుకోవచ్చు, ఇంకొకడి మాట నమ్మాల్సిన పని తక్కువ.

మొహం కన్నా వీపు ముఖ్యం

సిగరెట్లు ఒకప్పుడు మెత్తటి కాగితం పొట్లాల్లో వచ్చేవి. లోపలివి నలగకుండా ఒక గట్టి అట్టముక్క పెట్టేవారు, సిగరెట్ కార్డంటే అదే. దాని మీద బొమ్మ వేస్తే జనం రెండో బొమ్మ కోసం ఇంకో పొట్లం కొంటారని 1870, 80ల్లో అమెరికా కంపెనీలు కనిపెట్టాయి. ఇంగ్లండ్‌లో విల్స్ లాంటివి అందిపుచ్చుకున్నాయి. మన దేశంలో అమ్మిన విల్స్ వారి 'సిజర్స్' సిగరెట్లలోనూ 1910ల నాటికే అందాల భామల కార్డులు వచ్చేవి. సినిమా తారల జోరు మాత్రం 1920ల చివర మొదలైంది. విల్స్ 1928లో 'సినిమా స్టార్స్' పేరుతో 25 కార్డుల సెట్లు వేసింది. ప్లేయర్స్ కంపెనీ 1932, 1934, 1938ల్లో 'ఫిల్మ్ స్టార్స్' పేరుతో మూడు సెట్లు తెచ్చింది, సెట్టుకు 50 కార్డులు. 1940లో యుద్ధంతో కాగితం కరువై బ్రిటన్‌లో ఈ ముచ్చట ఆగిపోయింది.

ఈ కార్డుల్లో నాకు నచ్చేది వాటి క్రమశిక్షణ. వెనక నంబరు ఉంటుంది, సెట్టు పేరు ఉంటుంది, కంపెనీ పేరు ఉంటుంది, ఆ తార గురించి నాలుగు ముక్కలు ఉంటాయి. మామూలు సైజు 68 మిల్లీమీటర్ల పొడవు, 36 వెడల్పు. అంటే ఇంట్లో స్కేలు పెట్టి కొలిచినా సగం పరీక్ష అయిపోయినట్టే. ఏ సెట్టులో ఏ నంబరు మీద ఎవరున్నారో కేటలాగుల్లో అచ్చయి ఉంది. లక్షల్లో అచ్చు వేశారు కాబట్టి మామూలు కార్డులు చవక, చాలాసార్లు కార్డు ధర కన్నా పోస్టేజీయే ఎక్కువ.

ఇప్పుడు ఆ ఎన్టీఆర్ కార్డు సంగతి చూడండి. దానికి నంబరు లేదు, సెట్టు పేరు లేదు, వేసినవాడి పేరు లేదు. 1950ల నాటిదని అమ్మేవాడు అంటున్నాడే తప్ప కార్డు అనడం లేదు. అచ్చయిన కార్డు తనెవరో తాను చెప్పుకోకపోతే, దాని వయసుకు డబ్బు పెట్టకూడదు. బొమ్మ నచ్చితే ఇరవై రూపాయలు పెట్టండి, ఎవరూ కాదనరు.

ఒక జాగ్రత్త. వెనక రాసిన సెట్టు వివరం నమ్మండి, తారల జీవిత చరిత్రను మాత్రం నమ్మకండి. అది స్టూడియోల ప్రచారం. 1930ల హాలీవుడ్ తార మెర్ల్ ఒబెరాన్ 1911లో బొంబాయిలో పుట్టింది. తన పుట్టుక దాచి టాస్మానియాలో పుట్టానని చెప్పుకుంది, లోకం ఏళ్ల తరబడి అదే నమ్మింది. నా దగ్గరున్న కార్డుల్లో ఆమెదంటే నాకు అదో ఇష్టం. పొగాకు వ్యాపారం పుణ్యమా అని మన గడ్డ మీద పుట్టిన పిల్ల మన దేశానికే విదేశీ తారగా తిరిగొచ్చింది.

నేను మునిగింది కూడా ఈ రకంతోనే. పన్నెండు కార్డులు, 1930లవని చెప్పి ఒకతను ఆన్‌లైన్‌లో అమ్మాడు. కవరు విప్పగానే చేతికి ఏదో తేడా అనిపించింది. ఒక కార్డు మీద అడ్డంగా మడత గీత కనిపిస్తోంది. వేలితో తడిమితే నున్నగా ఉంది. గోరు పెట్టి లాగినా ఎక్కడా ఆగలేదు. అంటే మడతను కూడా అచ్చు వేశారు! పాత కార్డును స్కాన్ చేసి, దాని మరకలతో, మడతలతో సహా కొత్త అట్ట మీద దించారన్నమాట. రాత్రి లైట్లు ఆర్పి, దొంగనోట్లు చూసే నీలం టార్చ్ వేశాను. పన్నెండూ ట్యూబ్‌లైట్లలా మెరిశాయి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు వాడటం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి మాట. నిజంగా 1930ల అట్ట అయితే ఆ వెలుతురులో మసకగా, పాలిపోయినట్టు ఉండాలి. ఆ టార్చ్ రెండు మూడు వందలకే దొరుకుతుంది. ముందే కొని ఉంటే నాలుగు వేలు మిగిలేవి.

నిజాయితీగా వేసే రీప్రింట్లూ ఉన్నాయి. వెనక చిన్న అక్షరాల్లో రీప్రింట్ అని ఉంటుంది. కొందరు దాన్ని గీకి అమ్ముతారు. వెనక అడుగు భాగంలో కాగితం పొర లేచినట్టు, పలచబడ్డట్టు కనిపిస్తే అనుమానించండి.

మన దగ్గర కార్డు పని చేసింది పాటల పుస్తకం

మా చిన్నబాపు ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడు. జీతం రోజు సినిమా, సినిమాకు పోతే పాటల పుస్తకం. ఆయన పోయాక సజ్జ మీది ట్రంకు పెట్టె దింపితే అడుగున నూటికి పైగా పుస్తకాలు, అన్నీ నవారు ముక్కతో కట్టి ఉన్నాయి. నా సేకరణ మొదలైంది ఆ కట్టతోనే. నాకు పాటల పుస్తకం మీద పక్షపాతం ఉందంటే కారణం అది కూడా, ఒప్పుకుంటాను.

ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెప్తున్నా. అరచేయి కన్నా కాస్త పెద్ద పుస్తకం, ఎనిమిదో పదహారో పేజీలు. అట్ట మీద హీరో హీరోయిన్, లోపల నటీనటుల పేర్లు, సగం కథ, పాటలన్నీ. కథ మంచి పట్టులో ఉండగా 'మిగతా వెండితెరపై చూడండి' అని ఆపేస్తారు. హాలు గేటు దగ్గర, ఇంటర్వెల్‌లో అమ్మేవారు. పిల్లలు దాచుకున్నారు, మార్చుకున్నారు, ఒకే సినిమావి రెండు వస్తే ఇంకొకరికి ఇచ్చి లేనిది తెచ్చుకున్నారు. ఇంగ్లండ్ పిల్లలకు కార్డు ఎట్లానో మనకు ఇది అట్లా.

దీని వయసు కనిపెట్టడానికి మొదట చూడాల్సింది ధర. అణాల్లో ఉంటే పాత లెక్క కాలం. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద పైసల లెక్క వచ్చింది, కొత్త నాణేన్ని నయాపైసా అన్నారు. 1964 జూన్ 1 నుంచి 'నయా' తీసేసి పైసా అన్నారు. కాబట్టి ధర 'న.పై.' అని ఉంటే అది 1957కూ 1964కూ మధ్య అచ్చయినదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఏడేళ్ల కిటికీ. ఇంత తేలికైన ఆనవాలు సిగరెట్ కార్డుకు కూడా లేదు.

'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. నయాపైసలు వచ్చింది అయిదు రోజుల తర్వాత! ఆ సినిమా పుస్తకం మీద ధర అణాల్లో ఉంటే తొలి విడతదని ఆశపడొచ్చు. ఆశే, పూర్తి నమ్మకం కాదు. కొత్త లెక్క వచ్చినా అణా నాణేలు కొన్నేళ్లు నడిచాయి, జనం నోట్లో అయితే చారాణా, ఆఠాణా మొన్నమొన్నటి దాకా ఉన్నాయి. అదే పుస్తకం మీద ఉత్త 'పైసలు' అని ఉంటే మాత్రం దాదాపు ఖాయం, 1964 తర్వాత మళ్లీ ఆడినప్పుడు వేసింది. సినిమా పాతదైనంత మాత్రాన పుస్తకం పాతది కాదు. అమ్మేవాళ్లు ఎక్కువగా ఆడుకునేది ఇక్కడే: సినిమా విడుదలైన ఏడాదిని పుస్తకానికి అంటగట్టి ధర చెప్తారు.

రెండో ఆనవాలు చిరునామా. చివరి అట్ట అడుగున ప్రెస్సు పేరు, ఊరు చిన్నగా వేస్తారు. ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. 'మద్రాసు-17' లాగా ఒకటి రెండు అంకెలే ఉంటే ఎక్కువగా అంతకు ముందుది, కానీ పాత అలవాటు కొద్దీ తర్వాత కూడా అట్లాగే వేసినవాళ్లు ఉన్నారు. ఒక్క ఆనవాలు పట్టుకుని తీర్పు చెప్పొద్దు, ధర, చిరునామా, అచ్చు మూడూ ఒకే మాట చెప్పాలి.

అచ్చు అన్నాను కదా. పాత పుస్తకాల్లో పాటలు సీసపు అక్షరాలతో అచ్చయినవి. పేజీ తిప్పి వెనక నుంచి వేలి కొసతో తడిమితే అక్షరాలు గుచ్చినట్టు తగులుతాయి. బొమ్మలు బ్లాకులతో వేసినవి, చుక్కలు ఉత్త కంటికే కనిపిస్తాయి. ఫోటోకాపీ తీసినదో, స్కాన్ చేసి వేసినదో అయితే అక్షరం కాగితం మీద పడుకుని ఉంటుంది, లోపలికి దిగదు. పిన్నులు చూడండి: పాత పిన్ను తుప్పు పట్టి చుట్టూ కాగితానికి ఎరుపు పాకుతుంది. పేజీ గోధుమ రంగులో ఉండి పిన్ను తళతళలాడుతుంటే ఏదో కథ ఉంది.

నేను భూతద్దం కొన్నది గడియారాలు బాగు చేసే ఒకాయన దగ్గర. కంటికి తగిలించుకునేది, పది రెట్లు చూపిస్తుంది. దానితో పాత పేపర్ల దుకాణంలో కూర్చుంటే ఆ దుకాణమాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఏం సారూ, చిత్తు కాయితాలల్ల బంగారం దేవులాడుతున్నవా?" అన్నాడు. దొరికింది చూపిస్తే కిలో లెక్కనే తూకం వేశాడు. మరుసటి నెల పోయేసరికి పాటల పుస్తకాలన్నీ వేరే సంచిలో పెట్టి, ఒక్కోటి యాభై అన్నాడు. తప్పు నాదే. ఆయన ముందు అంత సంబరపడకూడదు.

పాటల పుస్తకానికి లోపాలు లేవా? ఉన్నాయి. కాగితం నాసిరకం, మడత దగ్గర విరుగుతుంది. అట్ట పోయినవి, పాటల మీద పెన్నుతో టిక్కులు కొట్టినవి, నోటుబుక్కులో అతికించి ఊడదీసినవి ఎక్కువ. ఎన్ని వచ్చాయో, ఏవి మిగిలాయో చెప్పే కేటలాగు చేతికి దొరకదు, సెట్టు పూర్తి చేసిన తృప్తి ఇందులో ఉండదు. హాలు ముద్ర పడిన పుస్తకాన్ని కొందరు మచ్చ అంటారు, నేను మాత్రం పది రూపాయలు ఎక్కువ పెట్టి కొంటాను.

మన వైపు వాళ్లకు ఒక మంచి దారి చెప్తాను. పైడి జైరాజ్ 1909లో కరీంనగర్‌లో పుట్టి, బొంబాయి వెళ్లి, మూకీల కాలంలోనే తెరకెక్కి, హిందీలో పెద్ద హీరో అయ్యాడు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. ఆయన సినిమాల పాటల పుస్తకాలు హిందీ, ఉర్దూ లిపుల్లో, కొంత ఇంగ్లీషుతో కలిపి ఉంటాయి. వాటి కోసం పోటీ పడేవాళ్లు తెలుగు తారల పుస్తకాలకన్నా తక్కువ. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న పెద్దలు మన వాడల్లో ఇంకా ఒకరిద్దరు ఉన్నారు, చదివించుకోండి. అందుకే వెళ్లిన నేను గంట సేపు రజాకార్ల నాటి ముచ్చట్లు విని వచ్చాను.

ఫోటో కార్డులు: అందం ఎక్కువ, సాక్ష్యం తక్కువ

పోస్టుకార్డు సైజులో, దాదాపు 14 సెంటీమీటర్లకు 9, నిగనిగలాడే నలుపు తెలుపు ఫోటోలు. విదేశాల్లో ఇదీ పెద్ద వ్యాపారమే: బ్రిటన్‌లో 'పిక్చర్‌గోయర్' కార్డులు, జర్మనీలో 'రాస్ వెర్లాగ్' కార్డులు, వాటికి నంబర్లూ పేర్లూ ఉన్నాయి. మన దగ్గర దొరికేవి చాలావరకు పేరూ ఊరూ లేనివి. సావిత్రి, జమున, ఏఎన్నార్ ఫోటోలు జాతరల్లో, హాళ్ల ముందర అమ్మినవి.

భూతద్దంలో చుక్కలు కనిపిస్తే అది అచ్చు బొమ్మ. చుక్కలు లేకుండా బూడిద రంగు సాఫీగా జారుతుంటే అసలు ఫోటో. చాలా పాత ఫోటోను వెలుతురుకు వాలుగా పట్టుకుంటే నల్లటి చోట్ల, అంచుల్లో వెండి పూత లాంటి మెరుపు వస్తుంది. దాన్ని దొంగతనంగా తెప్పించడం కష్టం. వెనక వైపు ప్లాస్టిక్ లాగా నున్నగా ఉంటే 1970లు, ఆ తర్వాతి కాగితం.

అసలు చిక్కు ఇంకొకటి. ఫోటోకు ఫోటో తీసి అమ్మడం అప్పట్లోనే ఉంది. అలాంటిదాన్ని పట్టుకోవాలంటే జుట్టు చూడండి. అసలుదానిలో వెంట్రుకలు విడివిడిగా తెలుస్తాయి, నకలులో జడ మొత్తం నల్లటి ముద్ద. ఆ నకలు కూడా యాభై ఏళ్లదే అయి ఉండొచ్చు, దాని విలువ దానిది, కానీ అసలు ధర పెట్టొద్దు. గోడకు పెట్టుకుని చూసుకోవడానికి ఫోటో కార్డును మించింది లేదు. మా ఇంటావిడ నా మొత్తం సేకరణలో మెచ్చుకున్నది ఒక్క సావిత్రి ఫోటోనే.

అగ్గిపెట్టె బొమ్మలు, బబుల్‌గమ్ స్టిక్కర్లు, పిల్లల ట్రంప్ కార్డుల గురించి ఎక్కువ చెప్పను. ఇంట్లో ఉంటే పారేయకండి, ఎవరైనా ఊరికే ఇస్తే తీసుకోండి. స్కూలు పిల్లలు మొదలుపెట్టడానికి ఇవే మంచివి, పోయినా నష్టం లేదు.

అయితే ఎవరికి ఏది?

సెట్టు పూర్తి చేయాలన్న పట్టుదల ఉన్నవాళ్లు, నంబర్లు టిక్కు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టనివాళ్లు సిగరెట్ కార్డులకే పోండి. విడివిడిగా కొనకుండా మొత్తం సెట్టు ఒకేసారి కొనండి, పోస్టేజీ ఒక్కసారే పడుతుంది. ఆల్బంలో అతికించినవి చవక, చూసుకోవడానికి చాలు, తిరిగి అమ్మితే మాత్రం రాదు. 1930ల చివర్లో ప్లేయర్స్ కొన్ని సెట్లకు వెనక జిగురు పూసి వదిలింది, తడిపి అతికించుకోవడానికి. ఒక వానాకాలం నేను అలాంటివి ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టాను. ఆగస్టులో తీస్తే ఇరవై కార్డులు ఒక ఇటుక! మన తేమకు ఆ జిగురు తనంతట తానే కరిగింది. విడివిడి ప్లాస్టిక్ జేబుల్లోనే పెట్టాలి.

తిరిగే ఓపిక ఉన్నవాళ్లు, తెలుగు సినిమా అంటే పడిచచ్చేవాళ్లు పాటల పుస్తకాలు పట్టుకోండి. వరంగల్, కాజీపేట పాత పేపర్ల దుకాణాలు, ఇల్లు కూలగొట్టి కట్టుకుంటున్న వాళ్ల సజ్జలు, హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్, ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు. తెల్లవారుజాము రైలెక్కితే ఎండ ఎక్కక ముందే అక్కడుంటారు. కొత్తలో నెలకు అయిదు వందలకు మించి పెట్టకండి. కన్ను కుదిరేదాకా కొన్నవాటిలో మూడో వంతు చెత్తే ఉంటుంది.

ఫోటోలు మాత్రం చేత్తో పట్టుకుని చూడందే కొనొద్దు. ఆన్‌లైన్‌లో ఫోటోకు ఫోటోనే కదా కనిపించేది, జుట్టు పరీక్ష ఎక్కడ చేస్తారు? ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి, కార్డు ఎంత బాగుందో చెప్పే గ్రేడ్ అంకె అంటించి అమ్మేవి మన స్థాయి సేకరణకు అవసరం లేదు. ఆ సీలు డబ్బాలకూ నకళ్లు ఉన్నాయి.

ఇంటికి తెచ్చాక లామినేషన్ చేయించకండి. నాకు తెలిసిన ఒకాయన ముప్పై పుస్తకాల అట్టలు ప్రేమ కొద్దీ లామినేట్ చేయించి పెట్టాడు, ఇక అవి కాగితాలు కావు. సెల్లో టేపు అంతకన్నా శత్రువు, పసుపు మరక వదిలి తాను ఊడిపోతుంది. ప్లాస్టిక్ కంపు కొట్టే ఆల్బంలు వద్దు, పాలీప్రొపిలీన్ జేబులు అడిగి తీసుకోండి. రేకుల కప్పు కింద, సజ్జ మీద పెడితే మన మే నెల ఎండకు కాగితం అప్పడమవుతుంది. ఇనుప బీరువా నడిమి అర మంచిది, గోడకు ఆనించకుండా, చెదలకు అందకుండా. వేపాకు వేసేవాళ్లు గుడ్డ మూటలో కట్టి పక్కన పెట్టండి. పేజీల మధ్య పెడితే పురుగు పోవచ్చు గానీ ఆకు బొమ్మ సావిత్రి మొహం మీద పడుతుంది.

మా మేనల్లుడు ఆ 2,500 పట్టుకుని రెండు వారాల తర్వాత జుమ్మేరాత్ బజార్ పోయాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "మామా, పుస్తకం మీద న.పై. అని ఉంది, అట్ట సగం లేదు, నూటయాభై అంటున్నడు."

"ప్రెస్సు ఊరు పేరు కనిపిస్తుందా?"

"మద్రాసు. పక్కన నంబరు చినిగింది."

"వేలితో తడుమురా, అక్షరాలు గుచ్చుకుంటున్నయా?"

కాసేపు చప్పుడు లేదు. బజారు గోల మాత్రమే వినిపిస్తోంది. తర్వాత గొంతు తగ్గించి, పక్కవాడికి వినపడకుండా అన్నాడు: "గుచ్చుకుంటున్నయి మామా."

నూటికి అడగమన్నాను. నూట ఇరవైకి ఇచ్చాడట.